నిమిషానికి పదహారు బుడగలు

హైదరాబాదు నుంచి పార్సిల్ వచ్చిందని వనపర్తి బస్టాండు నుంచి ఫోను వచ్చేసరికి నరేందర్ దవాఖానలో డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. ఇంకా రెండు గంటలు పడుతుంది. పక్కన కుర్చీలో కూర్చున్న భార్య స్వరూపతో కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"నువ్వు పోయి తీస్కరా. అద్దం అసుంటి సామానున్నది. ఆటోల కింద పెట్టకు, ఒళ్లో పెట్టుకో."

"మల్ల ఏం తెప్పిచ్చినవ్?"

"ఇంటికి పొయినంక చెప్త."

స్వరూప లేచింది. డయాలసిస్ రోజున ఆయనతో వాదించకూడదని ఏడాదిగా నేర్చుకుంది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఎనిమిదికి ఆటోలో తీసుకురావాలి. నాలుగు గంటలు పక్కనే ఉండాలి. మధ్యాహ్నం భుజం ఆసరా ఇచ్చి ఇంటికి చేర్చాలి. ఆ పూటంతా ఆయన లేవడు. మిగిలిన నాలుగు రోజులే వాళ్లిద్దరికీ వారం.

పార్సిల్ బరువుగానే ఉంది. విప్పి చూస్తే మోకాలెత్తు పారదర్శకమైన గొట్టం, దానికి అతికించిన చిన్న మోటారు, సన్నటి పైపులు, గడియారం లాంటి ముళ్లున్న ఇత్తడి మీటరు, ఒక సంచీ నిండా తెల్లని రాళ్లు.

"కాల్షియం రియాక్టర్," అన్నాడు నరేందర్ సాయంత్రం లేచి కూర్చున్నాక. కొడుకు పుట్టాడని చెప్పినంత మెల్లగా, గర్వంగా చెప్పాడు.

వాళ్లింటి హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు, నీలి దీపాల కింద కొమ్మలు కొమ్మలుగా పెరిగిన పగడాలు, ఐదు చేపలు. నరేందర్ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పంతొమ్మిదేళ్లు అసిస్టెంటుగా పనిచేశాడు. షుగరు కిడ్నీలను తినేశాక పని మానేశాడు. ఐదేళ్ల కింద పరీక్షల కోసం హైదరాబాదు పోయినప్పుడు వానకు ఆగుదామని ఒక అక్వేరియం దుకాణంలో అడుగుపెట్టాడు. ఆ దుకాణం శ్రీనాథ్ అనే కుర్రవాడిది. అక్కడ మొదటిసారి ప్రాణమున్న పగడాన్ని చూశాడు. రాయిలా కనిపించేది నోరు తెరిచి తింటుందని, ఏడాదికి రెండంగుళాలు పెరుగుతుందని శ్రీనాథ్ చెబితే నమ్మలేకపోయాడు. మరుసటి నెల తొట్టి కొన్నాడు.

పగడం తన ఒంటి కింద తానే సున్నపు ఎముక కట్టుకుంటుంది. దానికి కావలసినదంతా నీళ్లలోంచే తీసుకుంటుంది కాబట్టి నీళ్లలో అది తగ్గిపోతూ ఉంటుంది. నరేందర్ ఇన్నాళ్లూ పొద్దున ఒక ద్రావణం, సాయంత్రం ఒక ద్రావణం కొలిచి పోసేవాడు. డయాలసిస్ మొదలయ్యాక వారానికి మూడు సాయంత్రాలు చెయ్యి లేవడం లేదు. తొట్టి ఒకనాడు నిండు, ఒకనాడు పస్తు. కొమ్మల చివర్లు తెల్లబడుతున్నాయి.

"ఇది పెడితే రోజు పొయ్యనక్కర్లేదు," అన్నాడు. "అదే సుక్క సుక్క పోస్తది. నేను లేసినా లేవకున్నా."

చివరి మాట స్వరూపకు నచ్చలేదు. కానీ విననట్టే సంచీ విప్పింది.

"ఏంది ఇవి, గులకరాళ్లా?"

"పగడాలే. చచ్చి ఎండిన ఎముకలు. ఈ గొట్టంల నింపి గ్యాసు పంపుతం. గ్యాసు కలిస్తె నీళ్లు పులుస్తయ్. ఆ పులుపుకు ఇవి కరుగుతయ్. ఆ నీళ్లు తొట్టిల వడ్తయ్."

"చచ్చినోళ్ల బొక్కలు కరగవెట్టి బతికున్నోళ్లకు తాపుతవా?"

"సముద్రంల గూడ గంతే," అన్నాడు నరేందర్, చాలా రోజుల తర్వాత నవ్వి.

బిగించే పని మొత్తం ఆమె చేతుల మీదే జరిగింది. ఆయన ఎడమ చేతికి డయాలసిస్ కోసం నరం కలిపి కుట్టారు, ఆ చేత్తో బరువెత్తకూడదు. కుడి చెయ్యి వణుకుతుంది. ఆయన కుర్చీలో కూర్చుని చెబితే ఆమె నేల మీద కూర్చుని చేసింది. రాళ్లను ఏడుసార్లు కడిగింది. గొట్టంలో నింపింది. మూత బిగించి, పైపులకు సబ్బు నురగ రాసి గాలి పోతుందేమో చూసింది.

కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండర్ కోసం ఎల్లన్న దగ్గరికి పోయింది. ఎల్లన్న నిప్పు ఆర్పే సిలిండర్లు నింపి ఇస్తాడు.

"సోడా కొట్టు పెడ్తున్నవా చెల్లె?"

"కాదన్నా, పగడాలకు."

"పగడాలకా! ఉంగరంల పెట్టుకునేటియా?" అని ఎల్లన్న చాలాసేపు ఆలోచించి, "సారు పాణం ఎట్లున్నది?" అని అడిగాడు. బాగుందని చెప్పి ఆమె సిలిండరు ఆటోలో ఎక్కించుకుంది.

గురువారం మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. సిలిండరు మీద మీటరు, దాని పక్కన గ్యాసును పెంచి తగ్గించే, సూది మొనంత సన్నని దారి ఉన్న మర, ఆ పక్కన నీళ్లు నింపిన వేలెడు గాజు గొట్టం. గ్యాసు ఆ గాజు గొట్టంలో బుడగ బుడగగా కనిపిస్తూ పోతుంది. బుడగలు లెక్కపెట్టి గ్యాసు ఎంత పోతున్నదో తెలుసుకోవాలి. రియాక్టర్ నుంచి తొట్టిలోకి రాలే చుక్కలు లెక్కపెట్టి నీళ్లెంత పోతున్నాయో తెలుసుకోవాలి. లోపలి నీళ్ల పులుపు చెప్పడానికి ఒక పీహెచ్ మీటరు. అది ఆరున్నర దాటి కొంచెం పైన ఉంటే చాలు. ఇంకా కిందికి దిగితే రాళ్లు ముద్దవుతాయి.

పులుపు ఎక్కువైతే గ్యాసును దానంతటదే ఆపేసే పెట్టె కూడా ఒకటుంది. అది కూడా తీసుకోమని శ్రీనాథ్ గట్టిగానే చెప్పాడు. "నేను ఇంట్లనే ఉంట గద తమ్మీ, నా కండ్లే కంట్రోలర్," అన్నాడట నరేందర్.

"మర ముట్టుకుంటే ఎంటనే ఏం గాదు," అని ఆమెకు మూడుసార్లు చెప్పాడు. "జర తిప్పినంక గంట సేపు దాని ముంగట కూసోవాలె. నిదానంగ వస్తది. వస్తలేదని మల్ల తిప్పితే ఒక్కసారే వరదొస్తది."

మొదటి రోజు నిమిషానికి పది బుడగలు పెట్టారు.

మంగళవారం నాడు తొట్టి నీళ్లు పరీక్ష చేయడానికి నరేందర్ కూర్చున్నాడు. చిన్న గాజు సీసాలో తొట్టి నీళ్లు, అందులో నాలుగు చుక్కల మందు వేస్తే నీలంగా అవుతాయి. తర్వాత సిరంజితో ఇంకో మందు చుక్కలుగా వేస్తూ పోవాలి. నీలం గులాబీగా మారిన చోట ఆగి, సిరంజిలో ఎంత ఖర్చయిందో చూస్తే నీటి క్షారత తెలుస్తుంది. కేహెచ్ అంటారు దాన్ని. ఎనిమిది ఉండాలి. పగడాల ఆకలికి అదే లెక్క.

స్వరూప టీ గ్లాసు ఇవ్వడానికి వచ్చి నిలబడింది. సీసాలో రంగు తిరగడం చూసింది. ఆయన ఆగలేదు. చుక్కలు వేస్తూనే ఉన్నాడు.

"ఎప్పుడో తిరిగింది గద," అంది ఆమె. "ఆరు కాడనే తిరిగింది. ఇంకేం పోస్తున్నవ్?"

నరేందర్ చెయ్యి ఆగిపోయింది. సిరంజి బల్ల మీద పెట్టాడు. ఆమె పక్కనున్న నోటుపుస్తకం తీసి చూసింది. రోజూ తేదీ వేసి కేహెచ్ రాసే పుస్తకం. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. నెలన్నరగా ప్రతి రోజూ ఎనిమిదే. అంతకుముందు పేజీల్లో ఏడున్నర, ఎనిమిదింపావు, రకరకాలుగా ఉన్నాయి. తర్వాత ఒక్క అంకే.

"ఎన్నాళ్లాయె కనవడక?"

"శివరాత్రి అప్పటి నుంచి," అన్నాడు నరేందర్. "కండ్లల్ల నల్లటి దారాలు ఆడుతున్నయ్. ఎలుగు తెలుస్తది. మనిషి తెలుస్తది. రంగే తెలుస్తలేదు. అంతా బూడిద లెక్క. నువ్వు మందులకు పొయినప్పుడు దవాఖానల కండ్ల డాక్టరు చూసిండు, ఉన్నది కాపాడుకుందం అన్నడు. పొయింది రాదన్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తవ్?"

"అబద్ధం అంకె రాసి ఎవర్ని మోసం చేస్తున్నవ్? నన్నా, ఆ చేపలనా?"

"ఎవర్ని గాదు," అన్నాడు నరేందర్. "ఏం రాయకుంటె పేజీ ఖాళీగ ఉంటది. అది చూడలేక రాసిన."

స్వరూప వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడింది. పొయ్యి వెలిగించలేదు. ఆ మధ్య ఆయన బియ్యం డబ్బాకు తగిలి పడిపోవడం, నల్ల చొక్కా అడిగితే నీలం చొక్కా ఇచ్చినా వేసుకోవడం, టీవీ చూడడం మానేసి వార్తలు వినడం మొదలుపెట్టడం అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే. అయినా ఆమెకు తెలియలేదు. తిరిగి వచ్చి సీసా కడిగి, మళ్లీ నీళ్లు తీసుకుంది.

"ఎట్ల చెయ్యాల్నో చెప్పు. ఇగ నేనే చూస్త."

ఆమె పుట్టిల్లు గద్వాల. తండ్రి శంకరయ్య చీరల అంచులకు పట్టు నూలు రంగు వేసేవాడు. పన్నెండేళ్ల వయసు నుంచి ఆమె రంగు తొట్టి దగ్గర నిలబడి, రంగు పట్టిందా, ఇంకో మునక కావాలా అని తండ్రికి చెప్పేది. రంగు ఎక్కడ తిరుగుతుందో చెప్పడానికి ఆమెకు పుస్తకం అక్కర్లేదు. ఒక్క చుక్క తేడా కూడా పట్టేది. నరేందర్ ల్యాబులో పంతొమ్మిదేళ్లలో అంత కచ్చితంగా చూసిన విద్యార్థిని చూడలేదన్నాడు.

ఆ రోజు నిజమైన అంకె ఆరుంపావు వచ్చింది. పుస్తకంలో ఆమె చేతిరాతతో పడిన మొదటి అంకె అది.

ఏప్రిల్ అంతా ఆ పనిలోనే గడిచింది. రోజూ మధ్యాహ్నం మూడింటికే పరీక్ష. రెండు రోజులు చూసి, ఒక్కదాన్నే మార్చేవాళ్లు. బుడగలైతే బుడగలు, చుక్కలైతే చుక్కలు. పది నుంచి పన్నెండు, పన్నెండు నుంచి పద్నాలుగు. ఆరుంపావు ఏడైంది. ఒకసారి లోపలి పులుపు ఎక్కువై గొట్టం అడుగున రాళ్లు పిండిలా అయ్యాయి, చుక్కలు ఆగిపోయాయి. అంతా ఊడదీసి కడిగి మళ్లీ మొదలుపెట్టారు. ఎండలు ముదిరాయి. తొట్టి నీళ్లు వేడెక్కకుండా ఉండడానికి పడక గదిలో ఉన్న కూలర్ హాల్లోకి వచ్చింది. వాళ్లు ఉక్కలో పడుకున్నారు.

పదహారు బుడగల దగ్గర అంకె నిలబడింది. ఎనిమిది. మరుసటి రోజూ ఎనిమిదే. మూడో రోజు ఏడు పాయింట్ తొమ్మిది. నరేందర్ ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, చదవలేకపోయినా, వేలితో పేజీని తడుముతూ కూర్చున్నాడు. కొమ్మల చివర్ల తెలుపు పోయి లేత ఊదా రంగు వస్తున్నదని ఆమె చెప్పింది. అది నిజమే.

మే నెలలో ఒక బుధవారం పొద్దున బయల్దేరే ముందు ఆమె బుడగలు లెక్కపెట్టింది. తొమ్మిదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే. ఆటో బయట హారన్ కొడుతోంది. నరేందర్ అప్పటికే తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఆయన ముఖం వాచి ఉంది, ఊపిరి సరిగా ఆడడం లేదు. ఆమె మర కొంచెం తిప్పింది. ఏమీ మారలేదు. ఇంకొంచెం తిప్పింది. బుడగలు పెరిగాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు.

"ఏమైంది?" అన్నాడు నరేందర్.

"ఏం లేదు. పదహారున్నయ్. పోదాం పా."

ఆ రోజు డయాలసిస్ మధ్యలో ఆయన బీపీ పడిపోయింది. స్పృహ తప్పాడు. ఇంటికి పంపడం కుదరదని డాక్టర్లు ఉంచేసుకున్నారు. స్వరూప వార్డు బయట బెంచీ మీద కూర్చుంది. పక్కింటి సత్యమ్మకు ఫోను చేసి, తాళం చెవి ఎక్కడుందో చెప్పి, చేపలకు చిటికెడు మేత వెయ్యమని చెప్పింది.

గురువారం మధ్యాహ్నం సత్యమ్మ ఫోను చేసింది. "స్వరూపా, చేపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయే. అన్నీ మీదనే ఉన్నయ్."

స్వరూప అప్పుడే డాక్టరు రాసిన సూదిమందు కోసం బయటికి పోతోంది. "ఆకలైనట్టున్నదక్కా. జర మేత ఎక్కువ వెయ్యి," అంది.

తిరిగి వార్డులోకి వస్తే నరేందర్ అడిగాడు, గొంతు సన్నగా ఉంది. "ఫోనుల ఎవరు?"

"సత్యమ్మక్క. అంత మంచిగనే ఉన్నదంట."

శుక్రవారం పొద్దున బట్టలు తెచ్చుకోవడానికి ఆమె ఒక్కతే ఇంటికి వచ్చింది. తలుపు తీయగానే కుళ్లు వాసన కొట్టింది. గాజు గొట్టంలో బుడగలు లేవు. లెక్కపెట్టడానికి వీల్లేని ఒక తెల్లని ధార మాత్రం పైకి పోతోంది. పీహెచ్ మీటరు ఐదుకు దిగింది. తొట్టి పైన మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. పగడాల మీది కండ పొరలు పొరలుగా ఊడి, నీళ్లలో చింపిరి గుడ్డల్లా తిరుగుతోంది. నాలుగేళ్లు పెరిగిన పెద్ద కొమ్మ అడుగు నుంచి పై దాకా సున్నం కొట్టినట్టు తెల్లగా నిలబడి ఉంది.

ఆమె సిలిండరు ముందు కూలబడింది. మర మూసింది. చేపలు నోర్లు తెరిచింది ఆకలికి కాదని అప్పుడు తెలిసింది. ఊపిరాడక.

శ్రీనాథ్‌కు ఫోను చేస్తే అతను గబగబా చెప్పాడు. "అక్కా, కిటికీలన్నీ తెరువుండ్రి. గాలి మోటరు పెట్టుండ్రి. సగం నీళ్లు తీసి కొత్త ఉప్పునీళ్లు పొయ్యుండ్రి. కొమ్మల చివర్లు ఇంకా రంగున్నయా? ఉన్నకాడికి కత్తిరించి వేరే రాళ్లకు అతికియ్యుండ్రి. జల్ది."

మధ్యాహ్నం దాకా ఆమె అదే పని చేసింది. కటింగ్ ప్లేయరుతో కొమ్మలు విరిచింది. విరిచినప్పుడల్లా వచ్చే శబ్దానికి పళ్లు బిగబట్టింది. గోరంత, వేలి కణుపంత ముక్కలు పదకొండు దొరికాయి. మిగతా కొమ్మలను తీయడానికి మనసు రాలేదు, అలాగే వదిలేసింది. చచ్చిన చేపలను కాగితంలో చుట్టి పెరట్లో పూడ్చింది. సత్యమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

"నేను సరిగ చెప్పలేదేమోనే," అంది.

"నువ్వు సరిగనే చెప్పినవక్కా. ఆయనకు మాత్రం చెప్పకు."

శనివారం నరేందర్ ఇంటికి వచ్చాడు. వచ్చీరాగానే కుర్చీ తొట్టి ముందు వేయించుకున్నాడు. స్వరూప ఆయన వెనక నిలబడి, కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుంది.

"ఇయ్యాల మస్తు ఎలుగున్నది తొట్టిల," అన్నాడు ఆయన.

నీలి దీపం కింద తెల్లని ఎముకలు మెరుస్తున్నాయి. ఆయనకు ఆ మెరుపే తెలుస్తోంది.

"అద్దం తుడిచిన," అంది స్వరూప.

"పెద్ద కొమ్మ ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"చివర్లు ఊదగ ఉన్నయా?"

"ఆ. ఊదగనే ఉన్నయ్."

అలా మొదలైంది. రోజూ ఆయన అడిగేవాడు, ఆమె లేని రంగులు చెప్పేది. ఆకుపచ్చది విచ్చుకున్నదనేది. పెద్ద కొమ్మకు కొత్త మొలక వచ్చిందనేది. చెప్పి వంటింట్లోకి పోయి చేతులు కడుక్కునేది. కానీ పరీక్ష అంకె దగ్గరికి వచ్చేసరికి అబద్ధం నోటికి రాలేదు. ఆ అంకె గురించి ఆయనను తానే కసిరింది. అందుకని సీసాలో ఎంత వస్తే అంతే చెప్పింది. కొత్త నీళ్లు పోశాక ఎనిమిది ఉంది. రియాక్టరు మళ్లీ నడిపించాక ఎనిమిదిన్నర. ఆయన గ్యాసు తగ్గించమన్నాడు. పన్నెండు బుడగలకు తగ్గించింది. తొమ్మిది వచ్చింది. ఎనిమిది బుడగలకు తగ్గించమన్నాడు. తొమ్మిదిన్నర.

ఆ తర్వాత నాలుగు రోజులు నరేందర్ పగడాల గురించి ఏమీ అడగలేదు. ఆమెకు కొంత ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన లేచి గోడ పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. కుడి చేతి చొక్కా పైకి మడిచాడు.

"ఏం జేస్తున్నవ్? డాక్టరు వద్దన్నడు గద, ఆ నీళ్లల్ల చెయ్యి పెట్టొద్దన్నడు. చీము వడ్తది."

"జర ఆగు."

ఆయన చెయ్యి మోచేతి దాకా నీళ్లలోకి దిగింది. పెద్ద కొమ్మ ఎక్కడుందో కళ్లు లేకుండానే తెలుసు. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. ప్రాణమున్న పగడం జిగటగా, మెత్తగా ఉంటుంది. ఈ కొమ్మను ఆయన అడుగు నుంచి చివరి దాకా తడిమాడు. ఆ పక్కదాన్ని తడిమాడు. దాని వెనకదాన్ని. ఇసుక కాగితంలా వేళ్లకు గీరుకుంటోంది. ఒక చోట చర్మం తెగి సన్నని రక్తపు చార నీళ్లలో కలిసింది. ఆమె ఆయన భుజం పట్టుకుని లాగింది. ఆయన కదలలేదు.

"గ్యాసు సగం తగ్గిచ్చినా అంకె పెరుగుతున్నది," అన్నాడు చెయ్యి నీళ్లలోనే ఉంచి. "తాగేటోళ్లు ఉంటె ఎట్ల పెరుగుతది స్వరూపా? నాలుగు రోజులాయె నాకు తెలిసి. నువ్వే చెప్తవని చూస్తున్న."

స్వరూప నేల మీద కూర్చుండిపోయింది. అంతా చెప్పింది. తొమ్మిది బుడగలు, ఆటో హారను, మర, సత్యమ్మ ఫోను, మేత ఎక్కువ వెయ్యమన్నది. ఏడవకుండా చెప్పాలనుకుంది కానీ మేత మాట దగ్గర ఏడ్చేసింది.

ఆయన తిట్టలేదు. తిడితే ఆమెకు కొంత తేలికయ్యేదేమో. చెయ్యి బయటికి తీసి, తెగిన వేలు చొక్కాకు అదిమిపెట్టుకుని, "కంట్రోలర్ తీసుకోమన్నడు శ్రీనాథ్. నా కండ్లున్నయన్న," అన్నాడు. మళ్లీ కాసేపటికి, "అప్పటికే నాకు కండ్లు లేకుండె," అన్నాడు.

తెగిన వేలికి ఆమె మందు రాస్తుంటే చెయ్యి ఇచ్చాడు.

బతికిన పదకొండు ముక్కల సంగతి సోమవారం చెప్పింది. ఆయన వాటిని నిలబెట్టాలన్నాడు. కానీ అంత పెద్ద రియాక్టరుతో అంత చిన్న ముక్కలకు పోయడం ఎంత కష్టమో జూన్ నెలంతా తెలుసుకున్నారు. నిమిషానికి మూడు బుడగలు పెట్టాలి. మూడు దగ్గర మర నిలబడదు. ఒకసారి ఐదవుతుంది, ఒకసారి పూర్తిగా ఆగిపోతుంది. కంట్రోలర్ తెప్పించారు. అది పులుపును చూస్తుంది కానీ పగడం ఆకలిని చూడదు. ఆమె రోజుకు రెండుసార్లు పరీక్ష చేసింది. దవాఖాన నుంచి వచ్చీరాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా, సీసా తీసుకునేది. ముక్కలు ఒక్కొక్కటి తెల్లబడ్డాయి. తెల్లబడిన రోజున ఆమె ఆయనకు చెప్పింది. ఆయన తలూపాడు. జూలైలో వానలు పట్టేసరికి నాలుగు మిగిలాయి.

అప్పటికి ఆయనకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటితో కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. కాళ్లకు నీరు దిగింది. ఒక మధ్యాహ్నం ఆమె పరీక్ష చేస్తుండగా అన్నాడు.

"శ్రీనాథ్‌కు ఇచ్చేద్దాం."

"ఎందుకు? నాలుగు మంచిగనే ఉన్నయ్. నేను నిలవెడ్త."

"నిలవెడ్తవ్. నాకు తెలుసు. నన్ను చూసుకుంట, దాన్ని చూసుకుంట, నువ్వెప్పుడు కూసుంటవ్? నిన్న అన్నం తిన్నవా?"

"తిన్న."

"తినలే. గిన్నె మోత నాకు ఇనవడలే."

ఆమె సీసా పక్కన పెట్టింది. "నా చేతులనే పొయినయ్ గద. నా చేతులనే బతకాలె," అంది.

"బతికితె నువ్వు మరిచిపోతవా?" అని అడిగాడు నరేందర్. ఆమె సీసాలో నీళ్లు పారబోసింది.

శ్రీనాథ్ ఆదివారం కారులో వచ్చాడు. ఇరవై ఆరేళ్ల మనిషి, ఫోనులో విన్న గొంతు కన్నా చిన్నవాడిలా ఉన్నాడు. నాలుగు ముక్కలను నాలుగు డబ్బాల్లో నీళ్లు పోసి, థర్మాకోల్ పెట్టెలో సర్దాడు. మిగిలిన రెండు చేపలను కూడా తీసుకున్నాడు. రియాక్టరు విప్పి గొట్టం కడిగి కారు వెనక పెట్టాడు. నరేందర్ కుర్చీలో కూర్చుని శబ్దాలు విన్నాడు. పోయే ముందు శ్రీనాథ్ ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. నరేందరే అందుకున్నాడు.

"మోటర్ జర మోత చేస్తది తమ్మీ. బేరింగు మార్చు."

తొట్టిలో మిగిలిన ఉప్పునీళ్లు చెట్లకు పనికిరావు. స్వరూప బకెట్లతో వీధి మోరీలో పోసింది. ముప్పై రెండు బకెట్లయ్యాయి. అడుగున తెల్లని కొమ్మలు మాత్రం మిగిలాయి. వాటిని ఏం చెయ్యాలని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. సంచీలో కట్టి మెట్ల కింద పెట్టింది.

బుధవారం దవాఖానలో ఉండగా శ్రీనాథ్ ఫోను చేశాడు. రెండు ముక్కలు దారిలోనే పోయాయని, మూడోది కూడా నిన్న తెల్లబడిందని, ఒక్కటి మాత్రం రాయికి అతుక్కున్నదని చెప్పాడు. చెబుతూ చాలాసార్లు సారీ అన్నాడు. స్వరూప ఫోను పెట్టేసి వార్డులోకి నడిచింది. మిషను తిరుగుతోంది. ఎర్రని గొట్టాలు మంచం పక్కన వణుకుతున్నాయి.

"శ్రీనాథా?" అన్నాడు నరేందర్, అడుగుల చప్పుడు విని.

"ఆ."

"ఏమన్నడు?"

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మూడు పొయినయంట. ఒక్కటే ఉన్నదంట," అంది.

ఆయన చూపు లేని కళ్లు పైకప్పు వైపు తిప్పాడు. రెప్పల మూలల్లోంచి నీళ్లు చెవుల వైపు దిగాయి. ఆమె తుడవలేదు, పక్క మంచం మనిషి చూస్తున్నాడని కూడా అనుకోలేదు. నర్సు వచ్చి మిషను మీద ఏదో నొక్కి, ఇంకా గంటన్నర ఉందమ్మా అని చెప్పి పోయింది. స్వరూప ఆయన కుడి చేతిని దుప్పటి కిందికి పెట్టి, తన చెయ్యి కూడా అక్కడే ఉంచి కూర్చుంది.